బేబీ సినిమా మీద ఆగని డౌట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బేబీ 2023 జులై 14న రిలీజయింది. ఆ రోజు నుంచి నన్ను అడిగేవాళ్ళలో సగం మంది "అందులో అంత ఏడవడానికి ఏముంది" అంటారు, మిగతా సగం "నీకసలు గుండె ఉందా అన్నా" అంటారు. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందుకే అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. క్లైమాక్స్ ఎక్కడా చెప్పలేదు, భయం లేకుండా చదవండి. నా అభిప్రాయాలు మధ్యమధ్యలో దూరతాయి, నచ్చకపోతే పక్కన పెట్టేయండి.

## చూడకముందు

అసలు కథేంటి? స్పాయిలర్ లేకుండా చెప్పవా?

హైదరాబాద్ బస్తీలో ఎదురుబొదురు ఇళ్ళ అమ్మాయీ అబ్బాయీ, స్కూల్లోనే ప్రేమ. అబ్బాయి ఆనంద్ కి చదువు ఆగిపోయి ఆటో నడుపుకుంటాడు, అమ్మాయి వైష్ణవి ఇంజనీరింగ్ కాలేజీలో చేరుతుంది. అక్కడ కొత్త ఫ్రెండ్స్, కొత్త బట్టలు, పబ్బులు, డబ్బున్న ఇంకో అబ్బాయి విరాజ్. ఇద్దరి మధ్యలో ఆ పిల్ల ఒక అబద్ధం ఆడుతుంది, దాన్ని కప్పడానికి ఇంకోటి, అలా పోతూనే ఉంటుంది. చెప్పుకుంటే రెండు లైన్ల కథే గానీ గొడవంతా దాన్ని ఎవరి వైపు నిలబడి చెప్పారన్న దగ్గర.

తీసిందెవరు? యాక్టర్లంతా కొత్తవాళ్ళేనా?

డైరెక్టర్ సాయి రాజేష్, 2014లో సంపూర్ణేష్ బాబుతో హృదయ కాలేయం తీసింది ఈయనే, అప్పట్లో స్టీవెన్ శంకర్ అని పేరేసుకున్నాడు. 2020లో వచ్చిన కలర్ ఫోటోకి కథ కూడా ఈయనదే. పేరడీ తీసినాయన నుంచి ఇంత ఏడుపు సినిమా ఎవరూ ఊహించలేదు. నిర్మాత ఎస్‌కేఎన్, మ్యూజిక్ విజయ్ బుల్గానిన్. ఆనంద్ దేవరకొండ అప్పటికే దొరసాని, మిడిల్ క్లాస్ మెలోడీస్ చేసి ఉన్నాడు, వైష్ణవి చైతన్య యూట్యూబ్ సిరీసుల్లో బాగా తెలిసిన మొహం, కానీ హీరోయిన్‌గా ఇదే మొదటిది. విరాజ్ అశ్విన్ మూడోవాడు. పాత్రలకి కూడా యాక్టర్ల పేర్లే పెట్టేశారు. దానివల్ల ఒక నష్టం జరిగింది, పాత్ర మీద కోపం వచ్చినవాళ్ళు చాలామంది నేరుగా ఆ అమ్మాయి పేరు పెట్టే తిట్టుకున్నారు.

మూడు గంటలంట కదా, కూర్చోగలమా? ఎక్కడ చూడాలి?

దాదాపు మూడు గంటలు, అవును. థియేటర్ అయిపోయాక 2023 ఆగస్టు 25 నుంచి ఆహా ఓటీటీలో వచ్చింది. ఇంట్లో చూస్తే రెండు విడతలుగా చూడండి, ఇంటర్వెల్ దగ్గర ఆపితే ఏం పోదు. ఫోన్ చూసుకుంటూ మాత్రం చూడకండి, ఈ సినిమాలో సగం విషయం మొహాల్లోనే జరుగుతుంది, డైలాగు వింటే సరిపోదు.

ఇంట్లో అందరితో చూడొచ్చా? టెన్త్ చదివే పాప ఉంది

మందు, డ్రగ్స్, ముద్దులు, బూతులు, వీడియో పెట్టి బెదిరించడం, అన్నీ ఉన్నాయి. ఇప్పుడైతే 2024 సెన్సార్ రూల్స్ ప్రకారం యూఏలోనే (పెద్దవాళ్ళ తోడుతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్) 7+, 13+, 16+ అని విడగొట్టారు కాబట్టి కొంచెం క్లారిటీ ఉంటుంది, ఈ సినిమా వచ్చేనాటికి ఆ విభజన లేదు. నన్నడిగితే పదహారు దాటాక, అది కూడా పక్కన పెద్దవాళ్ళు ఎవరన్నా ఉండి చూపించొచ్చు. పక్కన కూర్చోవడమంటే రిమోట్ పట్టుకుని ముద్దు సీన్ రాగానే పాజ్ కొట్టడం కాదు, అయిపోయాక ఓ పది నిమిషాలు మాట్లాడ్డం.

ఇది అర్జున్ రెడ్డి, ఆర్ఎక్స్ 100 టైపేనా?

మూడిటి మీదా గొడవలు అయ్యాయి గానీ కారణాలు వేరు. 2017 అర్జున్ రెడ్డిలో గొడవంతా హీరో కోపం మీద. 2018 ఆర్ఎక్స్ 100లో హీరోయిన్ ఎలాంటిదో తెలిసే మలుపు మీద. బేబీలో అలాంటి మలుపు లేదు, అమ్మాయి తప్పు చేస్తుంటే మొదటి అబద్ధం నుంచి మనం పక్కనే ఉండి చూస్తాం. అందుకే ఇక్కడ "మోసపోయాం" అన్న ఫీలింగ్ కాకుండా "అయ్యో చెప్పేయొచ్చుగా" అన్న నరాల పోటు ఎక్కువ. నాకైతే ఆ రెండిటికంటే ఇదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది, ఇబ్బంది పెట్టడం సినిమాకి మంచి లక్షణమే.

## చూస్తున్నప్పుడు

స్కూల్ సీన్లలో హీరోయిన్ మొహానికి ఆ నల్ల రంగేంటి?

మేకప్. బస్తీలో ఉన్నప్పుడు చామనఛాయ, కాలేజీకెళ్ళి మారిపోయాక తెలుపు. కథకి ఆ మార్పు అవసరమేమో, మేకోవర్ సీను లేకపోతే విరాజ్ గ్యాంగ్ ఈ పిల్లని పట్టించుకోదు. కానీ బీదతనం అంటే నలుపు, స్టైల్ అంటే తెలుపు అని రంగు డబ్బాతో చెప్పడం బద్ధకం. చామనఛాయ అమ్మాయి బట్టలు మార్చి జుట్టు మార్చినా అందంగానే ఉంటుంది కదా, అలాగే వదిలేసి ఉంటే కాలేజీ వాళ్ళ చూపు మారడం ఇంకా గట్టిగా తగిలేది. సినిమా నచ్చినవాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో వాదించకుండా ఒప్పేసుకుంటారు, నేను చూసినంతలో.

సెకండాఫ్ ఎందుకంత సాగింది?

సాగింది, నిజమే. మెసేజ్ రావడం, దాచడం, అనుమానం, ఏడుపు, మళ్ళీ కలవడం, ఇదే చక్రం నాలుగైదు సార్లు తిరుగుతుంది. ఇష్టపడ్డవాళ్ళు "విషపు రిలేషన్‌షిప్ అలాగే ఉంటుంది, ఆ విసుగు మనకి తెలియాలి" అంటారు. ఇరవై నిమిషాలు కోసినా ఆ విసుగు బ్రహ్మాండంగా తెలిసేది.

ఆనంద్‌ది నిజమైన ప్రేమే కదా, అతన్నెందుకు తిడతారు?

నిజమైన ప్రేమే, ఎవరూ కాదనట్లేదు. ఆటో నడుపుకుంటూ ఆ పిల్ల కోసం తన తాహతుకి మించి చేస్తాడు, వేరే అమ్మాయి వైపు చూడడు. కానీ కాలేజీలో చేరాక ఆ అమ్మాయి బట్టల గురించి నిలదీస్తాడు, ఫ్రెండ్స్ గురించి నిలదీస్తాడు, కోపమొస్తే నోటికొచ్చినట్టు అంటాడు. ఆ పిల్ల మొదటి అబద్ధం ఎందుకు ఆడిందో చూడండి, నిజం చెప్తే వీడేమంటాడో అన్న భయంతో. ప్రేమ ఎంత నిజమైనదైనా అవతలి మనిషి నిజం చెప్పడానికి భయపడుతోందంటే అందులో ఏదో తేడా ఉన్నట్టే. సినిమా ఈ విషయాన్ని చూపిస్తుంది, చూపించి వెంటనే ఆనంద్ కన్నీళ్ళ మీదకి కెమెరా తిప్పేస్తుంది. దాంతో మనం కూడా మర్చిపోతాం.

వైష్ణవి చేసింది మోసం కాదా? మీరెందుకు వెనకేసుకొస్తున్నారు?

మోసమే. ఇద్దరికీ అబద్ధం చెప్పింది, ఒకళ్ళ గురించి ఇంకొకళ్ళ దగ్గర దాచింది, దాన్ని ప్రేమ అనీ అనలేం స్నేహం అనీ అనలేం. కానీ చాలామంది రెండు వేరు వేరు విషయాల్ని కలిపేస్తున్నారు. తనంతట తాను చేసినవి కొన్ని: దాచడం, ఆశపడ్డం, ఇద్దరి అటెన్షన్ కావాలనుకోవడం. తనకి జరిగినవి కొన్ని: తాగిన మత్తులో జరిగింది, వీడియోతో బెదిరింపు. మొదటి లిస్టు కోసం తిట్టండి, నేనూ తిడతా. రెండో లిస్టులో ఆ పిల్ల బాధితురాలు, అక్కడ కూడా "తగిన శాస్తి జరిగింది" అంటే మన బుర్రలో ఏదో తేడా ఉంది.

ఇంకో విషయం, ఆ పిల్ల వయసెంత? ఇంటర్ దాటి అప్పుడే ఇంజనీరింగ్. బస్తీ నుంచి వెళ్ళి, ఇంగ్లీష్ రాదని నవ్వుతున్న క్లాసులో కూర్చుని, మొదటిసారి నలుగురు "బాగున్నావ్" అంటే తలకెక్కదా? నాకైతే ఎక్కేది. ఇంటర్లో నాకు ఒక సీనియర్ బైక్ మీద లిఫ్ట్ ఇచ్చాడని రెండు నెలలు పాత ఫ్రెండ్స్‌తో మాట్లాడ్డం మానేసినవాణ్ణి నేను.

సినిమా మొదటి గంట ఈ ఆశని చాలా బాగా పట్టుకుంది, అద్దం ముందు నిలబడే సీన్లలో ఆ అమ్మాయి నటన చూడండి, సిగ్గూ గర్వం రెండూ ఒకేసారి మొహం మీదకొస్తాయి. తర్వాత రెండు గంటల్లో అదే ఆశకి శిక్ష వేసుకుంటూ పోయారు. నా కంప్లైంట్ ఒక్కటే, అమ్మాయి తప్పు చేసిందని చూపించినందుకు కాదు, అబ్బాయి బాధకి ఇచ్చిన టైమ్ అమ్మాయి భయానికి ఇవ్వలేదు.

థియేటర్లో ఆ అరుపులేంటి? మీరు చూసినప్పుడూ అంతేనా?

అంతే. రెండో ఆదివారం ఫస్ట్ షో, సింగిల్ స్క్రీన్, ఫుల్. ముందు మూడు వరుసలూ కుర్రాళ్ళే. హీరోయిన్ ఫోన్లో అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఎవడో ఒకడు లేచి ఒక మాట అనేవాడు, ఆ మాట ఇక్కడ రాయలేను, హాలంతా ఈలలు. ఎనిమిదోసారో తొమ్మిదోసారో అయ్యాక లెక్కపెట్టడం మానేశా.

నా పక్కన ఒక జంట, ఇద్దరి మెళ్ళోనూ ఒకే కాలేజీ ఐడీ ట్యాగులు. ఇంటర్వెల్ లైట్లు వేయగానే ఆ అబ్బాయి నవ్వుతూ "నువ్వూ ఇంతేనా ఏంటి" అన్నాడు. జోకే. ఆ పిల్ల నవ్వలేదు, ఐడీ ట్యాగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ కూర్చుంది. వాడు పాప్‌కార్న్ తెస్తానని లేచి వెళ్ళాక ఫోన్ తీసి లాక్ పాస్‌వర్డ్ మార్చింది, నేను చూడాలని చూడలేదు, స్క్రీన్ వెలుగు మొహం మీద పడింది. అమ్మాయి ఏం దాస్తోందో అని మీకిప్పుడు అనుమానం వచ్చిందా? నాకూ ఒక్క సెకను వచ్చింది, అందుకే చెప్తున్నా. అంతసేపు ఆ హాల్లో కూర్చుంటే ఎవరి మీదైనా వస్తుంది.

## చూశాక

ఒక్క ముక్కలో చెప్పండి, ఇది ఆడవాళ్ళని కించపరిచే సినిమానా?

ఒక్క ముక్కలో రాదు. తీసినవాళ్ళు అమ్మాయిల్ని తిట్టాలని తీశారని నేననుకోను, ఆ పాత్రని అంత లోతుగా రాసినవాళ్ళు ద్వేషంతో రాయరు. కానీ కొన్ని డైలాగులు ఒక అమ్మాయి గురించి మొదలై "అమ్మాయిలంతా" దగ్గర తేలతాయి, చప్పట్లు సరిగ్గా అక్కడే పడ్డాయి. మా చిన్నమ్మ టీవీలో చూసి ఒకటే మాటంది: "పిల్లాడు ఏడిస్తే మ్యూజిక్ వాయిస్తారు, పిల్ల ఏడిస్తే పక్కనోళ్ళు తిడతారు." ఆవిడ రివ్యూ రాస్తే మేమంతా దుకాణం మూసుకోవాలి.

అమ్మాయిలకి కూడా నచ్చింది అంటున్నారు, నిజమేనా?

నిజమే, నాకు తెలిసినవాళ్ళలోనే చాలామందికి నచ్చింది. ఒకమ్మాయి చెప్పిన కారణం నాకు గుర్తుండిపోయింది: మన సినిమాల్లో హీరోయిన్ తప్పు కూడా చేయదు, హీరోని చూసి నవ్వడం, వానలో తడవడం తప్ప పనుండదు, ఇక్కడ కనీసం కథ మొత్తం ఆ పిల్ల చేసే పనుల మీద నడుస్తుంది. ఆ మాట కాదనలేం. ఫిల్మ్‌ఫేర్ సౌత్‌లో వైష్ణవి చైతన్యకి క్రిటిక్స్ ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది. పాత్ర రాసిన తీరు నచ్చకపోయినా నటన నచ్చొచ్చు, రెండూ ఒకటి కాదు.

డ్రగ్స్ సీన్ గొడవేంటి?

2023 సెప్టెంబర్లో, అంటే సినిమా వచ్చిన రెండు నెలలకి, అప్పటి హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సీవీ ఆనంద్ ఒక డ్రగ్స్ కేసు ప్రెస్‌మీట్‌లో ఈ సినిమా పేరెత్తారు. మాదాపూర్‌లో తాము రెయిడ్ చేసిన ఫ్లాట్‌లో సీను అచ్చం ఈ సినిమాలో చూపించినట్టే ఉందని, టీమ్‌కి నోటీసులిస్తామని అన్నారు. సాయి రాజేష్ మీడియా ముందుకొచ్చి తన వైపు మాట చెప్పుకున్నాడు. సినిమా చూసి ఎవరో డ్రగ్స్ మొదలెట్టారని నేను నమ్మను, కానీ ఆ పార్టీ సీను లైటింగూ పాటా చూస్తే హెచ్చరికలా లేదు, ఇన్విటేషన్‌లా ఉంది.

నేషనల్ అవార్డే వచ్చింది, ఇంకా ఏంటి మీ గోల?

వచ్చింది, రెండు వచ్చాయి. 2023 సినిమాలకి ఇచ్చిన 71వ జాతీయ అవార్డుల్ని 2025 ఆగస్టు 1న ప్రకటించారు. ఉత్తమ స్క్రీన్‌ప్లే సాయి రాజేష్‌కి, తమిళ సినిమా పార్కింగ్‌తో కలిపి ఇచ్చారు. ప్రేమిస్తున్నా పాటకి పీవీఎన్ఎస్ రోహిత్‌కి ఉత్తమ గాయకుడు. పాట సంగతి ఎవరూ మాట్లాడక్కర్లేదు, ఆ కుర్రాడి గొంతులో పై స్థాయికి వెళ్ళినప్పుడు వచ్చే ఆ చిన్న వణుకు చాలు. స్క్రీన్‌ప్లే అవార్డు మీద మాత్రం మళ్ళీ కొట్టుకున్నారు. స్క్రీన్‌ప్లే అంటే సన్నివేశాల అల్లిక, అది బాగుందంటే అందులోని ప్రతి డైలాగూ కరెక్ట్ అని జ్యూరీ స్టాంపు వేసినట్టు కాదు.

కల్ట్ కల్ట్ అన్నారు, నిజంగా హిట్టా?

హిట్టే, చిన్న సినిమాగా మొదలై చాలా పెద్ద హిట్టయింది. అల్లు అర్జున్ ఒక ఈవెంట్‌కి, చిరంజీవి ఇంకో ఈవెంట్‌కి వచ్చి మెచ్చుకున్నారు. పోస్టర్ల మీద వేసే కోట్లు మాత్రం గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు. అందులోంచి జీఎస్టీ, థియేటర్ రెంటు పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్. ఈ తేడా తెలియక ఫ్యాన్స్ కొట్టుకుంటారు. ఇక కల్ట్ అన్న మాట టీమే మొదటి వారం నుంచి వాడింది, కల్ట్ అవునో కాదో మామూలుగా పదేళ్ళాగి జనం చెప్తారు, వీళ్ళు పదిరోజులు కూడా ఆగలేదు.

పాతరోజుల్లో ఇలాంటి టీనేజ్ ప్రేమ సినిమాలు లేవా? అప్పుడెందుకు ఇంత గొడవ లేదు?

ఉన్నాయి, గొడవా ఉంది. 2000లో తేజ తీసిన "చిత్రం" అనే సినిమాలో చదువుకునే వయసులోనే తల్లిదండ్రులయ్యే జంట, దానికీ పెద్దవాళ్ళు ముక్కు చిట్లించారు. 1978 మరో చరిత్రలో భాష తేడా, పెద్దవాళ్ళు పెట్టిన ఏడాది ఎడబాటు. 2021 ఉప్పెనలో అమ్మాయి తండ్రి, పరువు. ఇవన్నీ గమనిస్తే విలన్ బయటుంటాడు, నాన్నో కులమో డబ్బో, జంట ఒక వైపు లోకం ఒక వైపు, ప్రేక్షకుడికి ఎవర్ని తిట్టాలో డౌటే ఉండదు. బేబీలో బయట విలన్ లేడు. అమ్మాయి తండ్రిగా నాగబాబు ఉన్నాడు గానీ అడ్డుపడి కథ నడిపేంత పాత్ర కాదు. ప్రేమ లోపల్నుంచే కుళ్ళుతుంది. హాల్లో కూర్చున్నవాడికి కోపం ఎవరి మీద చూపించాలో తెలీదు, ఎదురుగా తెర మీద ఎక్కువసేపు ఉన్న మనిషి మీద చూపించాడు. నాకు దొరికిన సమాధానం ఇదే, అందరూ ఒప్పుకోవాలని లేదు.

## సినిమా బయట

సినిమాలోలాగా ఎవరన్నా వీడియో పెట్టి బెదిరిస్తే ఏం చేయాలి?

సినిమాలో ఆ పిల్ల చేసింది మాత్రం చేయొద్దు, ఒంటరిగా మోయొద్దు. చాట్, నంబర్, స్క్రీన్‌షాట్లు ఏవీ డిలీట్ చేయకండి, అవే సాక్ష్యాలు. అడిగింది ఇచ్చేస్తే ఆగిపోతుందనుకోవద్దు, ఒకసారి లొంగితే మళ్ళీ అడుగుతారు. 112కి ఫోన్ చేయొచ్చు, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళకీ పిల్లలకీ సంబంధించిన కంప్లైంట్లు పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. తెలంగాణలో అయితే 2014 నుంచి ఆడవాళ్ళ కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, పద్దెనిమిది నిండని పిల్లలకి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. అనుమతి లేకుండా ప్రైవేటు భాగాల ఫొటో, వీడియో తీసినా పంపినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ళ దాకా జైలు, అమ్మాయి మైనర్ అయితే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కూడా పడుతుంది. తాగి ఉన్నా, తప్పు చేసినా, అబద్ధం చెప్పినా బెదిరించే హక్కు ఎవడికీ రాదు, స్టేషన్లో ఎవరన్నా "నువ్వెందుకెళ్ళావమ్మా" అంటే ఈ మాటే చెప్పండి.

మా తమ్ముడు ఇది చూసి గర్ల్‌ఫ్రెండ్ ఫోన్ చెక్ చేస్తున్నాడు. ఏం చెప్పాలి?

క్లాసు పీకకండి, వినడు. ఆ సినిమానే వాడండి. "ఆనంద్ అన్నీ కనుక్కున్నాడు కదా, కనుక్కున్నాక ఏమన్నా బాగుపడిందా?" అని అడిగి ఊరుకోండి. అనుమానం ఉంటే ఎదురుగా కూర్చుని అడగాలి, సమాధానం నమ్మలేకపోతే విడిపోవాలి, ఫోన్ తీసుకుని వెతకడం ఈ రెండిట్లో ఏదీ కాదు. ఆ అమ్మాయి భయపడుతోందని మీకు అనిపిస్తే మాత్రం మెత్తగా చెప్పే స్టేజి దాటిపోయింది, ఇంట్లో పెద్దవాళ్ళు కల్పించుకోవాలి.

నాకు బ్రేకప్ అయ్యి నెల, ఇప్పుడు చూడొచ్చా?

వద్దు. ముఖ్యంగా రాత్రి పదకొండు తర్వాత, ఫోన్ చేతికందేంత దూరంలో పెట్టుకుని అస్సలొద్దు. పాటలు వినాలనిపిస్తే అనంత శ్రీరామ్ రాసిన ఓ రెండు ప్రేమ మేఘాలిలా వినండి, శ్రీరామ చంద్ర పాడాడు, స్కూల్ రోజుల పాట కాబట్టి పెద్దగా గుచ్చుకోదు. ప్రేమిస్తున్నా జోలికి ఇంకో రెండు నెలలు పోవద్దు.

రెండోసారి చూస్తే అభిప్రాయం మారుతుందా?

నాకు మారింది. థియేటర్లో చూసినప్పుడు ఆనంద్ వైపే ఉన్నా, బయటికొచ్చి పార్కింగ్‌లో బండి స్టాండ్ తీయకుండా ఐదు నిమిషాలు కూర్చున్నా. ఆహాలో రెండోసారి చూస్తుంటే ఈలలు లేవు, తిట్లు లేవు, ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఆ అమ్మాయి మొదట స్క్రీన్ చూసి, తర్వాత చుట్టూ చూసి, అప్పుడు ఎత్తుతుంది. థియేటర్లో ఆ చూపు నాకసలు కనపడలేదు.